మేకులు వెతికే యంత్రం: మేము చేసిన విధము, చేసిన తప్పు



కబడ్డీ కోర్టులో మేము నలుగురం ఒక వెదురు కర్ర పట్టుకొని, చిన్న స్పీకరు మెడలో వేసుకొని తిరుగుతుంటే మీరందరూ చూసే ఉంటారు. కొందరు నవ్వారు. కొందరు "లంకె బిందెలు దొరికాయా అన్నా?" అని అడిగారు. ఆ కర్ర ఏమిటి, అది ఎలా పనిచేస్తుంది, ఎన్నిసార్లు చెడిపోయింది, దాన్ని పట్టుకొని నేను చేసిన తప్పు ఏమిటి అన్నది ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పు సంగతి కూడా దాచకుండా రాయమని సైన్స్ సార్ అన్నారు. సార్ అనకపోయినా రాసేవాడినే.

ఎందుకు చేయాల్సి వచ్చింది?

వేసవి సెలవుల్లో మన డార్మిటరీ పాత రేకులు తీసి కొత్తవి వేశారు. పని చేసినవాళ్ళు పాత మేకులు, వాషర్లు, బైండింగు తీగ ముక్కలు కిందనే వదిలేసి వెళ్ళిపోయారు. తర్వాత వానలు పడ్డాయి. మట్టి మెత్తబడి అవన్నీ లోపలికి దిగిపోయాయి. పైకి చూస్తే ఏమీ లేదు, నున్నగా ఉంది. కబడ్డీ చెప్పులతో ఆడే ఆట కాదు కదా. బడి తెరిచిన నెలన్నరలోనే ముగ్గురికి కాళ్ళలో మేకులు దిగాయి. మూడో వాడికి దిగింది రెండున్నర అంగుళాల మేకు. వాణ్ణి వాచ్‌మన్ తాత భుజాన వేసుకొని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ రోజే వార్డెన్ సార్ కోర్టు చుట్టూ తాడు కట్టించి "మేకులు పోయేదాకా ఆట లేదు" అన్నారు.

మేము మొదట అయస్కాంతంతో మొదలుపెట్టాం. పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతాన్ని పురికొసతో కట్టి, చిన్నపిల్లలు బండి లాగినట్టు కోర్టంతా లాగాం. మొదటి రోజు రెండు గుప్పెళ్ళ ఇనుము వచ్చింది. రెండో రోజు నాలుగే వచ్చాయి. మూడో రోజు ఒక్కటీ రాలేదు. అయిపోయాయనుకున్నాం. కాని చీపురు పుల్లతో ఒకచోట గీరి చూస్తే రెండు వేళ్ళ లోతులో ఇంకో మేకు. దూరం పెరిగేకొద్దీ అయస్కాంతం లాగే బలం చాలా త్వరగా తగ్గిపోతుంది. మట్టి కప్పిన మేకును అది లాగలేదు. అప్పుడు సైన్స్ సార్ "మెటల్ డిటెక్టర్ చేద్దాంరా" అన్నారు.

ఇది ఎలా పనిచేస్తుంది?

మన హాస్టల్ గంట చూడండి. చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. వంట అక్క ఇనుప కడ్డీతో ఒక్కటి కొట్టి చెయ్యి తీసేస్తుంది. చెయ్యి తీసేశాక కూడా పట్టా "ఙ్ఙ్ఙ్" అని మోగుతూనే ఉంటుంది. అదే కడ్డీతో మట్టి గోడను కొడితే "దబ్" అని అక్కడితో సరి. అంటే కొట్టేటప్పుడు కాదు, కొట్టి చెయ్యి తీసేసిన తర్వాత చెవి పెడితే అవతల ఉన్నది లోహమో మట్టో తెలిసిపోతుంది.

మా యంత్రం కూడా అంతే చేస్తుంది. కాకపోతే కడ్డీకి బదులు కరెంటు. ఒక తీగ చుట్టలోకి కొంచెం సేపు కరెంటు పంపి, టక్కున ఆపేస్తుంది. ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. 1831లో ఆయన కనిపెట్టినది ఏమిటంటే, అయస్కాంత క్షేత్రం మారితే దగ్గరలోని లోహంలో కరెంటు పుడుతుంది. చుట్టలో కరెంటు టక్కున ఆగిపోగానే దాని అయస్కాంత క్షేత్రం కూడా కూలిపోతుంది. అప్పుడు నేలలో ఉన్న మేకులో చిన్న కరెంటు గిర్రున తిరుగుతుంది. వీటిని సుడి ప్రవాహాలు అంటారు. అవి వెంటనే ఆగవు, మన గంట మాదిరి కొద్దిసేపు ఉండి తగ్గిపోతాయి. తగ్గేటప్పుడు అవి మళ్ళీ మన చుట్టలో ఒక చిన్న వోల్టేజీని పుట్టిస్తాయి. దాన్ని పెద్దది చేసి స్పీకరులో వినిపిస్తే అదే మన "మేకు ఉంది" అనే కబురు.

ఈ రకాన్ని పల్స్ ఇండక్షన్ అంటారు. పల్స్ అంటే నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి కొట్టడం. మా యంత్రం సెకనుకు సుమారు 140 సార్లు కొడుతుంది. ఒక్కో దెబ్బ సుమారు 100 మైక్రో సెకన్లు. సెకనును 10 లక్షల ముక్కలు చేస్తే అందులో 100 ముక్కలన్నమాట. ఆ కాసేపట్లోనే చుట్టలో కరెంటు 3 ఆంపియర్ల దాకా పోతుంది. కాని సెకనులో ఎక్కువ భాగం ఖాళీ కాబట్టి సరాసరిన చాలా తక్కువ ఖర్చు. అందుకే చిన్న సెల్లులతో కూడా నడుస్తుంది.

ఏమేమి కావాలి?

ఇది మేము కనిపెట్టినది కాదు. "పైరేట్" అనే పేరుతో ఎందరో ఇళ్ళలో చేసుకునే సర్క్యూట్. సామాను మన సంతలో దొరకదు. సార్ రాజమండ్రి వెళ్ళినప్పుడు రేడియో సామాన్ల షాపులో తెచ్చారు. ముఖ్యమైనవి ఇవి:

1. 555 టైమర్ ఐ.సి. ఇది తాళం వేసేవాడు. ఎప్పుడు కొట్టాలి, ఎంతసేపు కొట్టాలి అని చెబుతుంది. మేము 100 కిలో ఓమ్‌లు, 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్ వాడాము.

2. బి.సి. 557 ట్రాన్సిస్టర్, ఐ.ఆర్.ఎఫ్. 740 మాస్‌ఫెట్. ఈ మాస్‌ఫెట్టే చుట్టకు కరెంటు ఇచ్చి, ఆపే స్విచ్చి. 400 వోల్టుల వరకు తట్టుకుంటుంది. 12 వోల్టుల యంత్రానికి 400 ఎందుకు అని నేనూ అడిగాను. చుట్టలో పారే కరెంటును ఉన్నపళంగా ఆపితే అది ఎదురు తన్నుతుంది. ఆ తన్ను వందల వోల్టులకు పోతుంది. కనుక యంత్రం నడుస్తుండగా చుట్ట కొనలను చేత్తో తాకరాదు.

3. టి.ఎల్. 072 ఐ.సి. మేకు నుంచి వచ్చే చిన్న కబురును పెద్దది చేసేది. దాని ముందు 1ఎన్ 4148 డయోడ్లు రెండు ఎదురెదురుగా పెట్టాలి. లేకపోతే పైన చెప్పిన తన్నుకు ఐ.సి. చచ్చిపోతుంది.

4. బి.సి. 547 ట్రాన్సిస్టర్, చిన్న స్పీకరు, తిప్పే వాల్యూం లాంటి రెసిస్టర్ (ఇదే మీట, దీని గురించి చివర్లో చాలా చెప్పాలి).

5. 1000 మైక్రో ఫారడ్ కెపాసిటర్, 1.5 వోల్టుల సెల్లులు 8, ఒక 1 ఆంపియర్ ఫ్యూజు. ఫ్యూజును మాత్రం మరవకండి. మేము మరిచాం.

6. 25 గేజ్ వైండింగు తీగ సుమారు 15 మీటర్లు. బోరు మోటార్లు రివైండింగ్ చేసే షాపులో తూకం మీద ఇస్తారు.

పూర్తి సర్క్యూట్ బొమ్మ సైన్స్ ల్యాబ్ తలుపు లోపలి వైపు అంటించాను. చూసి రాసుకోవచ్చు, పీకవద్దు.

చుట్ట చుట్టే విధము

చుట్టకు 19 సెంటీమీటర్ల అడ్డం కావాలి. వంట అక్కను అడిగితే పప్పు తీసే సత్తు గిన్నె ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. దాని చుట్టూ 25 చుట్లు వేశాం. తర్వాత జాగ్రత్తగా గిన్నెను బయటికి తీసేసి, చుట్టను నూలు దారంతో గట్టిగా కట్టి, పైన ప్లాస్టిక్ టేపు చుట్టాం. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేశాం.

చుట్టను ఒక పాత ప్లాస్టిక్ పళ్ళెం అడుగున అతికించి, పళ్ళేన్ని వెదురు కర్రకు పురికొసతో కట్టాం. ఎక్కడా మేకు గాని, స్క్రూ గాని, జి.ఐ. తీగ గాని వాడకూడదు. మేకులు వెతికే యంత్రంలోనే మేకు ఉంటే అది దాన్నే చూసి అరుస్తుంది.

తీగ కొనలకు లక్క పూత ఉంటుంది. చూడ్డానికి రాగి రంగే, కాని కరెంటు పోదు. బ్లేడుతో బాగా గీకి, మెరుపు వచ్చాక టంకం వేయాలి. మల్టీమీటరుతో రెండు కొనల మధ్య నిరోధం చూస్తే మాకు 1 ఓమ్ పైచిలుకు వచ్చింది. ఏమీ చూపకపోతే గీకడం చాలలేదని అర్థం.

చెడిపోయిన విధములు, బాగుచేసిన విధములు

ఇది ముఖ్యమైన భాగం. ఎందుకంటే చేయడానికి మాకు 4 రోజులు పడితే, బాగుచేయడానికి 3 వారాలు పట్టింది.

మొదటి జబ్బు: పొగ. మొదటిసారి ల్యాబ్‌లోని 12 వోల్టుల బ్యాటరీకి తగిలించగానే మాస్‌ఫెట్ వేలు పెట్టలేనంత కాలింది, చుట్ట వెచ్చబడింది, వాసన వచ్చింది, అంతే. కారణం ఏమిటంటే, మాస్‌ఫెట్ గేటు కాలు నుంచి గ్రౌండుకు పోయే రెసిస్టర్‌కు నేను వేసిన టంకం సరిగా పట్టలేదు. పైకి గుండ్రంగా ముత్యంలా ఉంది, లోపల అతుక్కోలేదు. గేటు ఖాళీ అవ్వక మాస్‌ఫెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండిపోయింది. 100 మైక్రో సెకన్లు పోవాల్సిన కరెంటు ఆపకుండా పోయింది. ఫ్యూజు ఉంటే అదొక్కటే పోయేది.

ఇప్పుడు మేము చేసే పరీక్ష ఇది. చుట్ట తగిలించకుండా కరెంటు ఇవ్వాలి. మల్టీమీటరుతో గేటు దగ్గర డి.సి. వోల్టులు చూడాలి. దెబ్బలు చాలా చిన్నవి కాబట్టి సరాసరిన 0.2 వోల్టులకు అటూ ఇటూగా చూపాలి. 12కు దగ్గరగా చూపితే గేటు ఇరుక్కుపోయిందని అర్థం, చుట్ట తగిలించవద్దు. అసలు సున్నా చూపితే 555 కొట్టడం లేదని అర్థం. అప్పుడు ఐ.సి. తిరగేసి పెట్టామేమో, బి.సి. 557 కాళ్ళు తారుమారయ్యాయేమో చూడాలి.

రెండో జబ్బు: ఆగని అరుపు. కొత్త మాస్‌ఫెట్ వచ్చాక రాత్రి స్టడీ అవర్ అయ్యాక డార్మిటరీలో నా మంచం మీద పెట్టి చూశాను. "బర్ర్" అని ఒకటే అరుపు. మీట ఎటు తిప్పినా తగ్గదు. రెండు రాత్రులు భాగాలు మార్చి మార్చి చూశాను. టి.ఎల్. 072ను కూడా మార్చాను. మూడో రోజు ఉదయం సార్ చూసి నవ్వి "ఒరేయ్, నువ్వు పడుకునేది దేని మీద?" అన్నారు. ఇనుప మంచం! యంత్రం మొదటి నుంచీ నిజమే చెబుతోంది, నేనే దాన్ని తిట్టాను.

ఈ సందర్భంలో సార్ చెప్పిన ఒక నిజమైన సంగతి రాస్తాను. 1876లో టెలిఫోన్‌కు పేటెంటు పొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ మీకు తెలుసు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకు తెలియలేదు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు. బెల్ ఒక లోహం వెతికే పరికరం చేసి తెచ్చాడు. అది మా రకం కాదు, వేరే రకం. కాని ఒంటి మీద పెడితే శబ్దం అయోమయంగా వచ్చింది. ఆయన పడుకున్న పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. పైగా పెద్ద డాక్టరు గుండు కుడి పక్కనే ఉందనుకొని అక్కడే వెతకనిచ్చాడు. అది నిజానికి ఎడమ పక్కన ఉంది. సెప్టెంబరు 19న అధ్యక్షుడు చనిపోయాడు. అంతటి బెల్‌కే మంచం అడ్డొచ్చింది, నేనెంత అనుకొని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

కావున పరీక్ష ఎప్పుడూ ఆరుబయటే చేయాలి. స్లాబులో కూడా ఇనుప కడ్డీలుంటాయి. కరెంటు తీగల కింద, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూడా వద్దు.

మూడో జబ్బు: నడిచేవాడిని బట్టి అరుపు. నేను పట్టుకుంటే బాగుండేది, మావాడు ఒకడు పట్టుకుంటే ప్రతి అడుగుకూ "బర్ర్" మనేది. వాడిలో ఏదో కరెంటు ఉందని అందరూ ఎగతాళి చేశారు. చివరికి చూస్తే వాడి మొలతాడుకు ట్రంకు పెట్టె తాళంచెవి కట్టి ఉంది! వాడు పొట్టివాడు, వంగి నడుస్తాడు, తాళంచెవి చుట్ట దగ్గరకు వస్తుంది. ఇప్పుడు యంత్రం పట్టేవాడు తాళంచెవి, బెల్టు, వాచీ, సెల్ఫోను అన్నీ తీసి పక్కన పెట్టాలి.

నాలుగో జబ్బు: ఉదయం పూట తప్పుడు అరుపు. మంచు పడిన గడ్డి తగిలినప్పుడల్లా శబ్దం వచ్చేది. టేపు సందుల్లోంచి తడి చేరింది. చుట్టను ఎండలో ఆరబెట్టి, మళ్ళీ టేపు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగాం. చుట్టను గడ్డికి తగలనివ్వకుండా రెండు వేళ్ళ ఎత్తులో తిప్పాలి.

అయిదో జబ్బు: దగ్గరలో ఉన్నా వినపడకపోవడం. చుట్టకు అడ్డంగా ఒక రెసిస్టర్ ఉంటుంది. మన గంటను అరచేత్తో పట్టుకొని మోత ఆపినట్టు, చుట్ట సొంత మోతను ఆపడం దాని పని. విలువ ఎక్కువైతే చుట్టే మోగుతూ ఉంటుంది, మేకు మాట వినపడదు. మరీ తక్కువైతే చుట్ట మెల్లగా చల్లారుతుంది, ఆ లోపల మేకు మాట అయిపోతుంది. మేము 220 నుంచి మార్చి మార్చి చూస్తే 390 ఓమ్‌లు కుదిరింది. సెల్లులు అరిగినా వినికిడి తగ్గుతుంది.

ఇవన్నీ అయ్యాక కొలిచి రాసుకున్న లెక్క: ఇనుప టిఫిన్ బాక్సు 40 సెంటీమీటర్ల దూరం నుంచి, అయిదు రూపాయల బిళ్ళ 15 నుంచి, రెండున్నర అంగుళాల మేకు 9 నుంచి, వేలెడు బైండింగు తీగ ముక్క 4 నుంచి వినిపించాయి. వస్తువు చిన్నదైతే, సన్నదైతే అందులో సుడి ప్రవాహాలు త్వరగా చల్లారిపోతాయి. అందువల్ల మాట కూడా చిన్నదే.

ఇక నా తప్పు

మీట తిప్పే పద్ధతి ఒకటుంది. ఒక పక్కకు తిప్పితే స్పీకరు ఆపకుండా అరుస్తుంది. ఇంకో పక్కకు తిప్పుతూ పోతే అరుపు తగ్గి, అప్పుడప్పుడు "టక్... టక్" మంటుంది. ఇంకా తిప్పితే పూర్తిగా నిశ్శబ్దం. సరైన చోటు ఆ "టక్... టక్" దగ్గర. అక్కడ యంత్రం మెలకువగా ఉంటుంది. చిన్న మేకు వచ్చినా టక్కులు కలిసిపోయి "బర్ర్" మంటుంది. పూర్తి నిశ్శబ్దంలో పెడితే పెద్దవాటికి మాత్రమే పలుకుతుంది.

ఇది నాకు తెలుసు. సార్ చెప్పారు. కాని రెండు పూటలు ఆ టక్ టక్ వినేసరికి నా తల నొప్పి పుట్టింది. చూసేవాళ్ళు కూడా "ఊరికే అరుస్తోందిరా మీది" అంటున్నారు. సిగ్గేసి, ఎవరికీ చెప్పకుండా మీటను కొంచెం అటు తిప్పాను. నిశ్శబ్దమైంది. హాయిగా ఉంది. అలాగే మిగిలిన సగం కోర్టు తిరిగేశాను. ఒక్క అరుపు లేదు. సాయంత్రం అసెంబ్లీలో నేనే నిలబడి "కోర్టు శుభ్రం అయింది సార్" అని చెప్పాను. వార్డెన్ సార్ తాడు విప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు సాయంత్రం 6వ తరగతి తమ్ముడు కూతకు వెళ్ళి, తిరిగి వస్తూ "అమ్మా" అని కూలబడ్డాడు. ఒకటిన్నర అంగుళాల మేకు. మడమలో. నేను శుభ్రం అని చెప్పిన సగంలో.

వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోతుంటే నేనూ వెంట వెళ్ళాను. దారి పొడుగునా వాడు ఏడవలేదు. "నువ్వు శుభ్రం అన్నావు కదన్నా" అన్నాడు, అంతే. కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధ అయింది. ఆ రాత్రే వార్డెన్ సార్ దగ్గరకు వెళ్ళి మీట సంగతి చెప్పేశాను. సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రేపు మళ్ళీ వెతకండి. ఈసారి ఎలా వెతికారో నాకు కాగితం మీద రాసి చూపించండి" అన్నారు.

మళ్ళీ వెతికాం. మీటను టక్ టక్ దగ్గర పెట్టి, కొత్త సెల్లులు వేసి. నేను ఖాళీ అన్న ఆ సగంలో 23 ముక్కలు దొరికాయి. అందులో మేకులు 14.

నాకు అర్థమైంది ఇది. యంత్రం అరిస్తే తవ్వి చూస్తాం, ఉందో లేదో తేలిపోతుంది. అరవకపోతేనే ప్రమాదం. కింద ఏమీ లేక ఊరుకుందా, వినపడక ఊరుకుందా అన్నది ఆ నిశ్శబ్దం చెప్పదు. మనమే పరీక్ష పెట్టి తెలుసుకోవాలి. కీడెంచి మేలెంచమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇప్పుడు మేము పాటిస్తున్న పద్ధతి

1. మొదలుపెట్టే ముందు శుభ్రమైన చోట ఒక మేకును మూడు వేళ్ళ లోతులో పూడ్చి, పక్కన పుల్ల గుచ్చాలి. యంత్రం దాన్ని పట్టాలి. పట్టకపోతే ఆ పూట వెతకరాదు.

2. ప్రతి అరగంటకు మళ్ళీ ఆ మేకు దగ్గరకే వచ్చి పరీక్షించాలి. పట్టకపోతే ఆ అరగంటలో తిరిగిన చోటంతా మళ్ళీ తిరగాలి. పని అయ్యాక ఆ మేకును లెక్కగా తీసేయాలి.

3. కోర్టును తాళ్ళతో గజం వెడల్పు పట్టీలుగా విడదీయాలి. పట్టీ పొడుగునా ఒకసారి, తర్వాత అడ్డంగా ఇంకోసారి. ప్రతి ఊపు ముందు ఊపును సగం కప్పాలి.

4. అరిచిన చోట మట్టిని చిన్న తాపీతో తీసి, పళ్ళెంలో వేసి అయస్కాంతం తిప్పాలి. మేకు ఇట్టే దొరుకుతుంది. తీసిన గుంట మీద యంత్రం మళ్ళీ పెట్టాలి. ఒక్కోసారి కింద ఇంకొకటి ఉంటుంది.

5. దొరికినవన్నీ డబ్బాలో వేసి పుస్తకంలో తేదీ, పట్టీ నంబరు రాయాలి. ఒకరు వెతికిన పట్టీని మర్నాడు వేరొకరు వెతకాలి. వెతికినవాడే "శుభ్రం" అని చెప్పరాదు.

6. పెద్ద డబ్బా లాంటిది గాని, మట్టిలోకి పోయే తీగలు గాని కనపడితే ముట్టుకోవద్దు, తవ్వవద్దు. దూరంగా వచ్చేసి వెంటనే వార్డెన్ సార్‌కు చెప్పాలి. పోలీసులకు కబురు పెట్టడం పెద్దవాళ్ళ పని.

మేకు దిగితే ఏం చేయాలి?

తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందని మనవాళ్ళు అంటారు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో ఉండే ఒక బాక్టీరియా వల్ల వస్తుంది. గాలి తగలని లోతైన గాయంలో అది పెరుగుతుంది. కనుక కొత్త మేకు దిగినా భయమే. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ళతో బాగా కడగాలి. సున్నం, పేడ, కిరోసిన్ పెట్టరాదు. లోతుగా దిగి ఉన్నదాన్ని మనమే పీకకుండా ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడు టి.టి. బదులు టి.డి. టీకా ఇస్తున్నారు. 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు వేయించుకోవాలి. ఎవరికి వేశారో ఎవరికి వేయలేదో ఏ.ఎన్.ఎం. అక్క దగ్గర రాసి ఉంటుంది. సిగ్గుపడకుండా అడగండి. చిన్న గాయమే కదా అని దాచవద్దు.

లంకె బిందెల సంగతి

అడిగినవాళ్ళందరికీ జవాబు. ఈ యంత్రానికి బంగారం, ఇనుము, ఇత్తడి తేడా తెలియదు. అన్నిటికీ ఒకటే "బర్ర్". మాకు ఇంతవరకు దొరికిన విలువైన వస్తువు ఒక అయిదు రూపాయల బిళ్ళ, అది కూడా మేము పరీక్షకు పూడ్చి మరిచిపోయినదే. ఒకవేళ నిజంగా నిధి దొరికినా మనది అనుకోవడానికి లేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ గల నిధి భూమిలో దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలి. కాబట్టి ఎవరూ రాత్రిపూట యంత్రం అడగడానికి రావద్దు.

చివరగా

తాడు ఇప్పుడు విప్పేశారు. ఈసారి శుభ్రం అని చెప్పింది నేను కాదు. నా తర్వాత వేరే ఇద్దరు తిరిగి, పుస్తకంలో సంతకం పెట్టాక వార్డెన్ సారే చెప్పారు. తమ్ముడి మడమ మానింది. వాడు నిన్న మళ్ళీ కూతకు వెళ్ళాడు. వెళ్ళేముందు నా వైపు చూశాడు. నేను తల ఊపాను, కాని వాడు తిరిగి గీత దాటేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

డార్మిటరీ వెనక వైపు, బావి దారి ఇంకా వెతకలేదు. అటు చెప్పులు లేకుండా పోవద్దు. 8, 9 తరగతుల తమ్ముళ్ళలో ఆసక్తి ఉన్నవాళ్ళు ఆదివారం టిఫిన్ తర్వాత ల్యాబ్ దగ్గరకు రండి. టంకం వేయడం, మీట పెట్టడం నేర్పుతాను. మేము ఈ ఏడాది వెళ్ళిపోతాం. యంత్రం ఇక్కడే ఉంటుంది. దాన్ని పట్టేవాళ్ళు కావాలి, పరీక్ష మేకును మరవనివాళ్ళు కావాలి.

వ్యాసంలో తప్పులుంటే పెద్దలు మన్నించి చెప్పగలరు.

ఇట్లు,
మీ సోదరుడు,
10వ తరగతి విద్యార్థి